మామ్మ తిట్టడం మానేసింది

మా మామ్మ నోరు తెరిస్తే చుట్టుపక్కల నర్సరీలన్నిటికీ వినబడేది. మామ్మ అంటే మా నాన్నని కన్న తల్లి. కడియం దగ్గర మాకో చిన్న నర్సరీ ఉంది. మామ్మ, అమ్మ, మరి కొంతమంది కూలి ఆడవాళ్ళు పాక కింద వరసగా కూర్చుని నల్ల కవర్లలో మట్టి నింపేవాళ్ళు. ఎర్రమట్టి, ఊక, పశువుల ఎరువు కలిపి, గుప్పెళ్ళతో కూరి, మధ్యలో వేలితో గుంట చేసి మొక్క పెట్టాలి. చేతులు అలా ఆడుతుంటే నోరు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ నోటితో మామ్మ లోకాన్నంతటినీ తిట్టేది.

మోటారు ఆగితే "నీ పాడె కట్ట, ఇప్పుడే చావాలా" అని మోటారుని తిట్టేది. వానొస్తే వానకి పిండాకూడు పెట్టేది. పిల్లి అడ్డొస్తే "పీనుగా", కుర్ర మొక్క వాడిపోతే "నీ దుంప తెగ". నాన్న భోజనానికి ఆలస్యంగా వస్తే "వెధవ సన్నాసీ, నీ అమ్మ కడుపు కాల, ఇంతసేపు ఎక్కడ తగలడ్డావురా" అనేది. నాన్న నవ్వి, "నా అమ్మవి నువ్వేగా, కాల్చుకో" అనేవాడు. ఆయనకి కోపమొచ్చిన రోజు నాకు గుర్తు లేదు.

అమ్మని మాత్రం ఒక్కటే మాటతో పిలిచేది. "ఒసే ముండా, నీళ్ళు తేవే." "ఏవే ముండా, జ్వరం తగ్గిందా? ఆ మిరియాల కషాయం తాగి చావు." నన్ను "బుల్లి ముండ" అనేది. నేను పదో తరగతి పాసైనప్పుడు "ఓసి ముండా, ఎంత పని చేశావే!" అని నా చెంపల మీంచి చేతులు తిప్పి మెటికలు విరిచింది. మెటికలు అన్నీ టపటపమన్నాయి, అంత దిష్టి ఉందట నాకు.

అమ్మది పాలకొల్లు. వాళ్ళింట్లో గట్టిగా మాట్లాడటమే తప్పు. పెళ్ళైన కొత్తలో అత్తగారు అలా పిలిస్తే గడ్డివామి చాటుకెళ్ళి ఏడ్చేదట. తర్వాత ఎప్పుడో అలవాటైపోయింది. నేను పెద్దయ్యేసరికి, పొద్దున్నే ఆ పిలుపు వినబడకపోతే "అత్తయ్యకి ఒంట్లో ఎలా ఉందో" అని అమ్మే వెళ్ళి నుదురు పట్టుకుని చూసేది. అమ్మ నోట మాత్రం ఒక్క చెడ్డమాట రావడం నేనెరగను. కాలికి గాజుపెంకు గుచ్చుకున్నా "అయ్యో" అనేది, అంతే.

నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. ఏటా ఎవరో ఒక తల్లి వచ్చి, "మా వాడు స్కూల్లో బూతులు నేర్చుకొచ్చాడండి, మీరేం చెప్తున్నట్టండి?" అని నా మీద ఎగురుతుంది. ఒకసారి ఏడో తరగతి పిల్ల లేచి, "వెధవ అంటే ఏంటి మేడం? ఎందుకు అనకూడదు?" అని అడిగింది. క్లాసంతా ఇకిలించింది. నేను సమాధానం చెప్పాను. వెధవ అంటే విధవ. మొగుడు పోయిన ఆడదాని పేరు పట్టుకొచ్చి, పని చేతకాని మగాడికి తగిలించారు. ముండ అంటే బోడితల. మొగుడు పోయినందుకు ఆడదాని జుట్టు తీయించి, ఆ బోడితలనే దానికి పేరు చేసి, ఆ పేరునే తిట్టు చేసుకున్నారు. ముండాకొడుకు అంటే తండ్రి పోయిన పిల్లాడు, అంతకంటే ఏమీ లేదు. తండ్రి పోవడం వాడు చేసిన నేరమా? ఇలా చెప్తూ చెప్తూ నాకే ఒళ్ళు మండింది. క్లాసులో ఎవరూ ఇకిలించలేదు.

మన తిట్లు తవ్వి చూస్తే చాలావరకు ఇలాంటివే. చావు, కాటి సామాను, దిక్కులేని ఆడది, ఆడదాని ఒళ్ళు. కులాల పేర్లని తిట్లు చేసినవి వేరే ఉన్నాయి. వాటిని నేను రాయను. మామ్మ కూడా అనేది కాదు. మంచితనం వల్ల అని చెప్పను. ఆవిడ పక్కన మట్టి నింపేవాళ్ళలో సగం మంది ఆదివారం చర్చికెళ్ళే ఆడవాళ్ళు, ఆ మాటంటే తట్ట ఆవిడ నెత్తిన కుమ్మరించి లేచిపోయేవాళ్ళు. ఎదురు తిరిగేవాళ్ళున్న చోట తిట్టు నోట్లోనే ఆగిపోతుంది. మొగుడు పోయిన ఆడదాని తరఫున ఎవరు తిరగబడ్డారు కనక?

నాన్న పోయిన సంగతి ఎక్కువ చెప్పలేను. కొబ్బరి మొక్కల లోడు ఎక్కిస్తూ లారీ దగ్గరే కూలిపోయాడు. రాజమండ్రి ఆస్పత్రిలో వారం పైన ఉంచారు. అమ్మా నేనూ అక్కడే ఉన్నాం. మామ్మ వస్తానని గొడవ చేసింది కానీ, మెట్లెక్కలేవు, లోపలికి రానివ్వరు అని చెప్పి బంధువులు ఆపేశారు. కొడుకుని ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టాకే ఆవిడ చూసింది. అప్పుడు మాత్రం తిట్టింది. "లేవరా వెధవా, లేవరా" అని గుండె మీద కొడుతూ తిట్టింది. నలుగురు పట్టుకుని లాగాల్సి వచ్చింది.

పదో రోజు వచ్చింది. ఆ రోజు ఏం చేస్తారో తెలియని తెలుగువాళ్ళు ఇంకా ఉంటారనుకోను. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో మానేశారు. మా వాళ్ళల్లో మానలేదు. నేను ముందురోజే ఎగిరాను. "ఏంటండీ ఇది? ఏ కాలంలో ఉన్నాం మనం? అమ్మ మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఊరుకోను" అన్నాను. మా మేనత్త వరసావిడ ఒకావిడ, "నోరు ముయ్యవే, ఇది మీ స్కూలు కాదు" అంది. ఇంకా ఏదో అనబోతుంటే అమ్మే నా చెయ్యి పట్టుకుంది. "ఊరుకోవే తల్లీ. ఆయనే లేకపోయాక గాజులతో గొడవెందుకు?" అంది. ఆ మాట విని నాకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. ఎవరి కోసం పోట్లాడుతున్నానో ఆవిడే వద్దంటే ఏం చేస్తాను?

తెల్లవారకముందే కాలవ రేవుకి తీసుకెళ్ళారు. ముందు అమ్మని ముస్తాబు చేశారు. నుదుట రూపాయంత బొట్టు, తల నిండా పూలు, మోచేతుల దాకా ఆకుపచ్చ గాజులు. పెళ్ళినాడు కూడా అన్ని పెట్టుకుని ఉండదు. తియ్యడానికే పెట్టారు. "నువ్వు ముత్తైదువ్వి, చూడకూడదు, అటు తిరుగు" అన్నారు నన్ను. నేను తిరగలేదు. ఈ పని మొగుడు పోయినవాళ్ళే చెయ్యాలి కాబట్టి ఊళ్ళో ఉన్న అలాంటి ఆడవాళ్ళందరినీ పిలిచారు. మామ్మ కూడా వాళ్ళలో ఒకతి. పక్కన నిలబడింది, చెయ్యి వెయ్యలేదు. ఎవరో ముసలావిడ అమ్మ రెండు చేతులూ రేవు రాతి మీద పెట్టి కొట్టింది. గాజుముక్కలు నీళ్ళలో పడ్డాయి. బొట్టు తడిగుడ్డతో తుడిచారు. అమ్మ కిక్కురుమనలేదు.

అప్పుడు వెనక నిలబడ్డ ఒకావిడ, మంచి మనిషే, కళ్ళొత్తుకుంటూ, "పాపం, యాభై నిండకుండానే ముండమోసింది" అంది.

అందులో తిట్టు లేదు. జాలి ఉంది. రోజుకి పదిసార్లు మా ఇంట్లో వినబడే మాట అది. ఆ మాట పుట్టిన చోటు చీకట్లో ఆ రేవు మీద నాకు కనబడింది. నేను మామ్మ వైపు చూశాను. మామ్మ తలెత్తి పైకి చూస్తోంది. పెదవులు బిగబట్టి, ఎవరో పైనుంచి వింటున్నట్టు చూస్తోంది. ఆ తర్వాత ఆవిడ ఎవర్నీ తిట్టలేదు.

తిట్టలేదంటే, తిట్టు లేకుండా మాట్లాడటం ఆవిడకి చేతకాదు, కాబట్టి మాటే పోయింది. మోటారు ఆగితే లేచెళ్ళి మౌనంగా స్విచ్చి నొక్కేది. కవర్లు నింపుతుంటే పక్కవాళ్ళు పలకరిస్తే తల ఊపేది. అమ్మని పిలవాలంటే గ్లాసుతో నేల మీద కొట్టేది. ముప్పై ఏళ్ళుగా పిలిచిన పిలుపు ఆవిడకి ఇక పనికిరాదు. వేరే పిలుపు ఆవిడకి తెలీదు. అమ్మకి పేరుందన్న సంగతి కూడా మామ్మ మర్చిపోయి ఉంటుంది.

వారం వారం నేను వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా మామ్మ కొంచెం తగ్గిపోయి కనబడేది. కంచంలో పెట్టింది అటూ ఇటూ కెలికి కుక్కకి వేసేస్తోందని అమ్మ చెప్పింది. "నాతో మాట్లాడట్లేదే. నా వల్లే ఆయన పోయాడనుకుంటోందేమో" అంది ఒకరోజు. మళ్ళీ తనే, "నన్ను ఒక్కసారి తిడితే బాగుణ్ణు. ఇల్లు ఇల్లులా లేదు" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు మామ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. మొగుడు పోయిన మనిషిని ఇలా వెలేస్తుందా అనిపించింది.

ఆ సాయంత్రం మామ్మ పాక కింద ఒంటరిగా ఉంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. "అమ్మేం పాపం చేసిందని మాట్లాడవు? చెప్పు" అన్నాను. మామ్మ మట్టి పిసకడం ఆపలేదు. తర్వాత గుసగుసలాడినట్టు అంది:

"అది కాదే పాపం చేసింది. నేను. పైన తథాస్తు దేవతలుంటారు. మనమేమంటే దానికి తథాస్తు అంటూ తిరుగుతుంటారు. ఏ వేళ వింటారో తెలీదు. ముప్పై ఏళ్ళు అన్నాను దాన్ని. ఏ పూటో విన్నారు."

ఆవిడ చేతిలోని కవరు లాక్కుని పక్కన పెట్టాను.

"మా అమ్మ నన్నట్టాగే పిలిచేది" అంది మామ్మ. "మీ నాన్న చంకలో ఉండగానే మీ తాత పోయాడు. అప్పుడైనా బుద్ధి రావద్దూ? రాలేదు. వాణ్ణేమనేదాన్ని? నీ అమ్మ కడుపు కాల అనేదాన్ని. కాలిందిగా." నా మెడలో సూత్రాల వైపు చూసింది. "నిన్నూ అన్నానే."

అదీ సంగతి. ఆవిడ అమ్మని వెలేయలేదు. కన్నకొడుకుని తన నోటితోనే చంపుకున్నానని నమ్మింది. ఇప్పుడు నా మొగుడి వంతని భయపడుతోంది. జాలిపడాల్సిన చోట నాకు మళ్ళీ కోపమే వచ్చింది, నా తత్వమే అంత. "ఏంటి మామ్మా నీ పిచ్చి! మోటారుకి ఎన్నిసార్లు పాడె కట్టావు? ఇంకా తిరుగుతూనే ఉందిగా. గుండె జబ్బుతో పోయాడు నాన్న, డాక్టర్లు చెప్పారు. నన్ను పుట్టినప్పట్నించీ అంటున్నావు, నా మొగుడు దుక్కలా ఉన్నాడు చూడు!" అన్నాను.

మామ్మ గబుక్కున మట్టిచేత్తో నా నోరు మూసేసింది. ఊపిరాడలేదు నాకు. కళ్ళు మళ్ళీ పైకి తిరిగాయి.

రాత్రికి రాజమండ్రి వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే నేను స్కూలుకి బయల్దేరుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "మామ్మ నాలిక కాల్చుకుందే" అంది. నాకు అర్థం కాలేదు. అమ్మ ఏడుస్తూ మళ్ళీ చెప్పింది. అట్లకాడ గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి నాలుక మీద పెట్టుకుందట. చిన్నప్పుడు బూతులు మాట్లాడిన పిల్లలకి వాత పెడతామని బెదిరించేవాళ్ళే గానీ, నిజంగా పెట్టుకున్న మనిషిని నేను చూడలేదు. నా మొగుణ్ణి కాపాడ్డానికి ఆవిడకి తోచిన దారి అది. స్కూలుకి ఫోన్ చేసి సెలవు చెప్పి బస్సెక్కాను.

వెళ్ళేసరికి మామ్మ గోడకి జారబడి కూర్చుని ఉంది. పెదవులు వాచిపోయాయి. ఊళ్ళో ఆరెంపీ గారు వచ్చి మందు పూసి వెళ్ళారు. కాలిన గాయం మానుతుంది, కానీ తినకపోతే లాభం లేదన్నారు. "ముందే పుల్లలా ఉన్నారండి. నీళ్ళు కూడా మింగకపోతే ఈ వయసులో ఎన్నో రోజులు ఉండరు. ఇవాళ ఏదో ఒకటి లోపలికి పోవాలి, లేకపోతే రాజమండ్రి తీసుకెళ్ళి సెలైన్ పెట్టించండి" అన్నారు. రాజమండ్రి అనగానే మామ్మ అడ్డంగా తలాడించింది. కొడుకుని మింగిన ఆస్పత్రి అది. మందు నీళ్ళు ఇస్తే పక్కకి ఊసేసింది. నాలుక మానితే మళ్ళీ ఆ మాటే వస్తుందని ఆవిడ భయం. మానకుండానే పోదామని చూస్తోంది.

అమ్మ పెరుగన్నం మెత్తగా పిసికి, నీళ్ళలా చేసి తెచ్చింది. మామ్మ ముందు కూర్చుని, "అత్తయ్యా, ఒక్క ముద్దండి. చల్లగా ఉంటుంది, మంట తగ్గుతుంది" అంది. మామ్మ మొహం తిప్పుకుంది. "నా కోసం తినండి అత్తయ్యా." ఉహూఁ. "పోనీ మీ అబ్బాయి కోసం." మామ్మ కళ్ళు మూసుకుంది. నేను వెళ్ళి గడ్డం పట్టుకుని బతిమాలాను. దవడలు బిగపట్టేసింది. ఆ ముసలి దవడల్లో అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందో. నాకు భయమేసింది. ఈవిడ నిజంగానే పోతుందనిపించింది.

అమ్మ కంచం కింద పెట్టింది. లేచి నిలబడింది. గాజుల్లేని చేతులు నడుమ్మీద పెట్టుకుని, మామ్మ మీదకి వంగి, వీధిలోకి వినబడేలా అరిచింది.

"నోరు తెరవ్వే, ముసలి ముండా!"

వాకిట్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్నవాళ్ళు ఆగిపోయారు. మామ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. వెంటనే పైకప్పు వైపు చూసింది.

అమ్మ ఆవిడ గడ్డం పట్టుకుని కిందకి లాగింది. "పైకేంటి చూస్తావ్? వాళ్ళనే పిలుస్తున్నా. ఎంతమందుంటే అంతమందినీ రమ్మను, తథాస్తు అనమను! ఇంక తీసుకెళ్ళడానికి ఏముంది మన దగ్గర? నీకు ఒక్కడే కొడుకు, నాకు ఒక్కడే మొగుడు. ఇద్దరికీ కలిపి ఉన్న ఆ ఒక్క మనిషీ పోయాడు. ఇంక ఆ మాట మననేం చేస్తుందే?"

గడ్డం వదిలేసింది. అలాగే మామ్మ కాళ్ళ దగ్గర కూలబడి, "మీరూ పోతే నన్ను తిట్టేవాళ్ళెవరండీ ఈ ఇంట్లో?" అని చిన్నపిల్లలా ఏడ్చింది. అమ్మ ఏడుపు అంత గట్టిగా నేను పదో రోజు కూడా వినలేదు.

మామ్మ ఆవిణ్ణి చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లిగా నోరు తెరిచింది. లోపల నాలుక తెల్లగా పొక్కి ఉంది, చూడలేకపోయాను. అమ్మ కళ్ళు తుడుచుకుని ముద్ద పెట్టింది. మామ్మ మొహం నొప్పితో ముడుచుకుపోయింది, అయినా మింగింది. రెండో ముద్ద కూడా మింగింది. మూడోది పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఏదో అనాలని ఆవిడ పెదవులు కదిలాయి. మాట ముద్దగా వచ్చింది. అమ్మ చెవి దగ్గర పెట్టి వింది.

"ఆస్పత్రిలో... వాడు నన్నడిగాడా?"

ఇన్నాళ్ళూ ఆవిడ ఈ మాట అడగలేదు. మేమూ చెప్పలేదు. అమ్మ చెయ్యి కంచంలో ఆగిపోయింది. నా వైపు చూడలేదు.

"అడిగారండి" అంది అమ్మ. "'మా అమ్మేది, తిట్లు వినబడట్లేదేంటి' అన్నారు. నవ్వారు కూడా."

నేను ఆస్పత్రిలో అన్ని రోజులూ అమ్మ పక్కనే ఉన్నాను. లారీ దగ్గర కూలిపోయాక నాన్నకి మళ్ళీ తెలివి రాలేదు. నోట్లో గొట్టం పెట్టి ఉంచారు. చివరిదాకా ఒక్క మాట ఆడలేదు, కళ్ళు కూడా తెరవలేదు.

మామ్మ అమ్మ మొహంలోకి చాలాసేపు చూసింది. నమ్మిందో, నమ్మినట్టు ఊరుకుందో నాకు తెలీదు. అడ్డం పెట్టిన చెయ్యి తీసేసి, మూడో ముద్దకి నోరు తెరిచింది.